మడత తుపాకీకి ఏడు పొద్దులు

మొదటి పొద్దు

దస్తగిరి నిన్న సాయంత్రం తుపాకీని మా గడప మీద పెట్టి, పక్కన ఆరు తూటాలు వరసగా పేర్చి, "అవ్వా, ఎనిమిదో పొద్దుకు వస్తా. కావాలంటే ఉంచుకోండి, వద్దంటే తీసకపోతా" అని ఎండబండి ఎక్కి వెళ్ళిపోయాడు. మబ్బు పట్టేలోపు పక్క ఊరు చేరాలట. ఎండతో నడిచే బండి ఉన్నవాడికి మబ్బే యముడు.

ఇది మన గువ్వలమెట్ట ఊరి కూటం కోసం రాస్తున్నాను. మన ఊళ్ళోకి కొత్త పనిముట్టు ఏది వచ్చినా, అది ఎవరికి ఏమాత్రం ఇష్టం లేదో వాళ్ళ ఇంట్లో ముందు ఏడు పొద్దులు ఉండాలి. అది ఏం చేసిందో, ఏం చెడగొట్టిందో రోజూ వాళ్ళే రాయాలి. ఆ ఏడు పొద్దులూ దాన్ని ముట్టే హక్కు వాళ్ళదే. వెనకటికి ఎవరో ముచ్చటపడి లోతు పంపు తెస్తే వారం తిరక్కముందే మూడు బావులు ఎండిపోయాయి. అప్పుడు పుట్టిన కట్టుబాటు ఇది. ఈ పద్నాలుగేళ్ళలో తొమ్మిది వస్తువులు వస్తే ఎనిమిది నా ఇంటికే వచ్చాయి. తొమ్మిదోది పళ్ళసెట్టు. దాని మీద నాకు అయిష్టం లేదని అందరికీ తెలుసు.

రేపెప్పుడో కొత్తవాళ్ళు చదవవచ్చు గనక నా సంగతి కూడా చెప్పాలి. పేరు శేషారత్నం. ముప్పయ్యేళ్ళు పట్నంలో ఫిజిక్సు చెప్పాను, ఆ తర్వాత ఇరవయ్యేళ్ళుగా ఈ ఊరికి అన్నీ చెబుతున్నాను.

తుపాకీ బరువు ఒక సొరకాయంత. నడిమికి మడిస్తే రొట్టెల సంచిలో పడుతుంది. పైన దుర్భిణి ఉంది. ధర రెండు కంబళ్ళు, ఒక కడవ తేనె. ఇంత చౌకగా ఎట్లా ఇస్తున్నావని అడిగితే, "అడిగేవాళ్ళు ఎక్కువైనారవ్వా, చేసేవాళ్ళు గూడా ఎక్కువైనారు" అన్నాడు. ఆ జవాబే నాకు ఖరీదుగా తోచింది.

ఇదంతా అల్లుడి కోసం. అల్లుడంటే ఎవరి అల్లుడూ కాదు. నలభై ఏళ్ళ కిందట ఈ మెట్టలన్నీ ఒక కంపెనీ సాగులో ఉండేవి. కంపెనీ మునిగింది, మనుషులు పట్నాలకు పోయారు. కోత మరలకు మాత్రం ఎవరూ ఆగమని చెప్పలేదు గనక అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మన వైపు వచ్చేది ఒకటి. పిలవకపోయినా వస్తుంది. సరిగ్గా పంట చేతికొచ్చే రోజునే వస్తుంది. ఉన్నదంతా ఊడ్చుకుని పలకకుండా పోతుంది. అల్లుడు కాక మరేమంటారు. కోసిన గింజనంతా మోసుకెళ్ళి కంపెనీ గోదాములో పోస్తుంది. గోదాము రిజర్వాయరు కింద మునిగి ఇరవయ్యేళ్ళు దాటింది. మన కొర్రలు తిని అక్కడ చేపలు బలిశాయి.

దానికి పొడవాటి మెడ, మెడ చివర ఒక గాజు కన్ను. పండిన చేను రంగును ఆ కన్ను రెండు కొండల అవతల నుంచే పట్టేస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే కోసి చూశాం. ఆ గింజ మొలవలేదు. గోతులు తవ్వాం, మన ఎద్దే పడింది. ఆ కన్ను ఒక్కటి పగలగొడితే చాలంటాడు పొలాల కాపలాకు పెద్దగా ఉన్న సుంకన్న. దగ్గరికి పోలేం. ఎల్లప్ప పాదం దాని కత్తుల్లో పోయినప్పటి నుంచి, అల్లుడొస్తున్నాడంటే ఊరంతా కొండెక్కుతుంది. అందుకే దూరం నుంచి కొట్టే వస్తువు కావాలంటున్నాడు.

మొదటి రోజు తుపాకీ చేసిన పని: నా బియ్యం డబ్బా చోటు ఆక్రమించింది.

రెండో పొద్దు

పొద్దున్నే సుంకన్న వచ్చి, చంటిబిడ్డను చూసినట్టు చూసి పోయాడు. ముట్టలేదు. కట్టుబాటు తెలిసిన మనిషి.

తర్వాత పెద్ద మద్దిలేటి ఒక చెంబు మజ్జిగ తెచ్చాడు. ఇరవయ్యేళ్ళలో అతను నాకు తెచ్చిన మొదటి మజ్జిగ.

"అక్కా, ఇది అడవి పందుల్ని కొడతాదా?"

"కొట్టొచ్చు."

"ఊరికే చూపిస్తే బెదరవా?"

"బెదరవు. తుపాకీ అంటే ఏమిటో పందికి తెలియదు కదా."

కాసేపు చెంబులోకి చూశాడు. "తెలిసినోళ్ళయితే?"

మధ్యాహ్నం చిన్న మద్దిలేటి బెల్లం తెచ్చాడు. బావి నీళ్ళ వంతు దగ్గర అన్నదమ్ములకు మూడేళ్ళుగా మాటల్లేవు. ప్రశ్నలు మాత్రం అవే అడిగాడు, అదే వరసలో. రక్తసంబంధం ఎక్కడికి పోతుంది.

తుపాకీ కొంటే అది మన పనిముట్ల గోడకు చేరుతుంది. ఆ గోడ పద్ధతి నాకు ఇష్టం. కొడవలి తీసుకున్నవాళ్ళు ఆ మేకుకు తమ చెప్పు ఒకటి తగిలించి, తిరిగి తెచ్చేదాకా ఒంటి చెప్పుతో తిరుగుతారు. ఎవరి దగ్గర ఏముందో కాళ్ళు చూస్తే చాలు. మజ్జిగ బాగుంది. బెల్లంలో ఇసుక ఉంది.

మూడో పొద్దు

కాల్చి చూడకుండా రాస్తే అది రాత కాదు, చాడీ. సుంకన్న కొండ వాలులో ఒక ఓటికుండ పెట్టాడు. ఊరంతా వచ్చింది, నేను వెల్లకిలా పడితే చూద్దామని సగం మంది.

నా మేనకోడలు ఓబుళమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "అత్తా, నీకు చేతనవుతాదా?"

"కాలేజీలో ఎన్‌సీసీలో కాల్చేదాన్ని."

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టకముందు."

మొదటి తూటా కొండకు తగిలింది. రెండోది ఎక్కడికి పోయిందో తెలియదు. మూడోదానికి కుండ లేదు. చప్పట్లు కొట్టడానికి వచ్చినవాళ్ళు కూడా కొట్టలేదు. చాలాసేపు ఒక్క పిట్ట కూయలేదు. నా భుజం ఇప్పుడు నేరేడు పండు రంగులో ఉంది.

న్యాయంగా రాయాలి: వస్తువు మంచిది. తేలిక, సూటి, నా వయసు మనిషి చేతికీ లొంగుతుంది. అంత సులువుగా లొంగడమే నాకు నచ్చలేదు. కొడవలి పట్టడం నేర్చుకోవాలంటే ఒక కోతకాలం పడుతుంది. అంతలోపు మనిషికి బుద్ధి కూడా ఎంతో కొంత వస్తుంది. దీనికి మూడు తూటాలు సరిపోయాయి.

నాలుగో పొద్దు

ఈ రోజు తుపాకీ నా పెట్టెలోంచి కదలలేదు. అయినా పని చేసింది.

ఓబుళమ్మ భుజాన సంచితో బావి దగ్గరికి పోయింది. చిన్న మద్దిలేటి రెండడుగులు వెనక్కి వేశాడు.

"సంచిలో ఏముందక్కా?"

"రొట్టెలు."

"ఏదీ, చూపీ."

చూపించింది. అతను నవ్వాడు, ఆమె నవ్వలేదు. సాయంత్రానికి ఊళ్ళో మరో ముగ్గురు సంచులు విప్పి చూపించారట. అడిగినవాళ్ళంతా తమాషాకే అడిగామన్నారు.

గొడ్డలి భుజాన ఉంటే ఊరవతల నుంచే కనిపిస్తుంది. ఎదురొచ్చేవాడు పలకరించాలో తప్పుకోవాలో ముందే తేల్చుకుంటాడు. ఇది అట్లా కాదు. ఎవరు తీసుకున్నారో మేకుకు వేలాడే చెప్పు చెబుతుంది. ఏ సంచిలో పెట్టుకుని ఎవరి ఇంటికి పోయారో చెప్పదు.

ఐదో పొద్దు

ఓబుళమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఎవరి సంచి ఎవరు చూసినారో అంతా రాసుకుంటాండావంట గదత్తా. నా చేను గురించి ఏం రాసినావు?"

"ఇంకా ఏమీ రాయలేదు."

"రాయి."

రాస్తున్నాను. కింది చేనులో ఉన్నది ఓబుళమ్మ ఏడేళ్ళు కంకి కంకి ఏరి తయారుచేసుకున్న కొర్ర. రెండు వానలు పడితే చాలు, పండుతుంది. ఈ మెట్టల్లో ఇప్పుడు పడుతున్నవీ ఆ రెండు వానలే. మూడేళ్ళ నుంచి అల్లుడు ఊడ్చుకుపోగా, రాలిన గింజలు ఏరుకుని మళ్ళీ విత్తుతోంది. ఈసారి ఇంట్లో ఉన్నదంతా చల్లేసింది. వచ్చే ఏడు ఊరంతటికీ విత్తనం ఆ చేనే.

"రేపో ఎల్లుండో పండుతాది" అంది. "ఈసారి గూడా పోతే నేను పట్నానికి పోతా. అర్జీ కాగితం పెట్టేసినా."

పట్నమంటే అరవయ్యో అంతస్తులో ఒక గది, పూటకో డబ్బా గుజ్జు. "అక్కడికి పోయి ఏం చేస్తావే?"

"ఆకలి లేకుండా పండుకుంటా." కొంగుతో మొహం తుడుచుకుంది. "తుపాకి వద్దంటే వద్దను. మరేం చేయాల్నో అది గూడా రాయి. వద్దనడం చానా సులువత్తా. నాకు గూడా వచ్చు."

ముప్పయ్యేళ్ళ పాఠాల్లో ఏ విద్యార్థీ నన్నింత సూటిగా నిలదీయలేదు. అల్లుడొస్తే కన్ను నేనే కొడతానని మాటిచ్చాను. ఇంకేమీ తోచలేదు గనక ఇచ్చిన మాట అది.

ఆరో పొద్దు

ఎండ ఇంకా కొండ దిగకముందే సుంకన్న కేక వేశాడు. కింది గట్టున రాళ్ళ వెనక నేనూ అతనూ బోర్లా పడుకున్నాం. నేను పడుకోవడం పూర్తయ్యేసరికి అల్లుడు సగం కొండ దిగాడు. రావద్దంటే, "నా చేను" అని ఓబుళమ్మ మా వెనక కూర్చుంది.

ఉన్నవి మూడు తూటాలు. కన్ను మావైపు తిరిగితేనే కొట్టగలం. అంటే అది పై గట్టు నుంచి ఒక సాలు కోసుకుంటూ మా దాకా రావాలి. ఆ సాలు పోయినట్టే.

దుర్భిణికి కన్ను ఆనించి చూశాను. అల్లుడు కోత కోస్తుండగా ఇంత దగ్గరగా చూడడం నాకు అదే మొదటిసారి. ఎల్లప్పకు తప్ప ఎవరికైనా మొదటిసారే. మనం చేసినవన్నీ అది రాకముందు చేసి, వచ్చే వేళకు కొండెక్కి, చేలో కొయ్యకాళ్ళు మిగిలాక దిగినవాళ్ళం.

కింది గట్టుకు వచ్చి ఆగింది. కత్తులు ఆగాయి. మెడ వంగింది, కంటి మీదికి రేకు మూత జారింది.

"కన్ను మూసుకున్యాడు" అన్నాడు సుంకన్న. "ఇప్పుడే మూసుకోవాల్నా వీడు?"

దాని పక్క నుంచి ఏనుగు తొండం లాంటి గొట్టం ఒకటి బయటికి చాచుకుంది. కింద ఏమీ లేదు, ఉత్త నేల. అట్లాగే నిలబడింది. నేను గొట్టం పక్కన తుప్పు పట్టిన రేకు మీదికి దుర్భిణి తిప్పాను. రంగు పోగా మిగిలిన అక్షరాలున్నాయి. బండి ఇక్కడ నిలపండి. కింద బాణం గుర్తు.

మూడుసార్లు చదివాను. పావుగంట నిలబడ్డాక గొట్టం లోపలికి పోయింది, మెడ లేచింది, మూత తెరుచుకుంది. కన్ను నేరుగా మావైపే ఉంది.

"కొట్టక్కా. ఇప్పుడే."

దుర్భిణిలో ఆ కన్ను పళ్ళెమంత ఉంది. కొడితే తగిలేది. కూటానికి తెలియాలి గనక రాస్తున్నాను: వీలుండి కూడా కొట్టలేదు. అది తిరిగి రెండో సాలు కోయడం మొదలుపెట్టింది. ఓబుళమ్మ చేనును ఆమెను అడక్కుండానే పణం పెట్టాను. సుంకన్న ఏమన్నాడో రాయను. అందులో "అక్క" అనే మాట లేదు.

వెనక్కి తిరిగి, చదివింది చెప్పాను. "అది బండి కోసం నిలబడుతోందే, ఓబుళా. సాలు అయినప్పుడల్లా నిలబడుతుందేమో. ఎవరూ బండి పెట్టకపోతే మోసుకుపోయి నీళ్ళలో పోస్తోంది."

"నిలబడినప్పుడు కత్తులు?"

"ఆగాయి. నేను చూసినంతలో."

"ఎన్నితూర్లు చూసినావు?"

"ఒకసారి."

నా మొహంలోకి చూసింది. "మీ ఫిజిక్సులో ఒకతూరి చాలునా?"

"చాలదు."

లేచి, గట్టు మీద పడున్న ఎరువు తోపుడుబండి తెచ్చుకోవడానికి వెళ్ళింది.

తుపాకీని సుంకన్న చేతికిచ్చాను. కట్టుబాటు తప్పాను, కూటం ఏ శిక్ష వేసినా సరే. "ఆమె దగ్గరున్నప్పుడు కత్తి కదిలితే కొట్టు" అన్నాను.

"కన్ను మూసుకోనుంటాది గదా. ఏం కొట్టాల?"

"మెడ కొట్టు."

రెండో సాలు కోసుకుంటూ దిగింది. ఆగింది. కత్తులు ఆగాయి. గొట్టం చాచింది. ఓబుళమ్మ బండి తోసుకుంటూ వెళ్ళింది, పరుగెత్తలేదు. ముప్పయి అడుగులు. ఇరవై. కత్తికి అంటుకున్న గడ్డిపోచ ఆమె చీర కుచ్చెళ్ళకు జానెడు దూరంలో ఉంది. సుంకన్న గురి మెడ మీదే ఉంచాడు. బండి గొట్టం కింద పెట్టింది. ఏమీ కాలేదు. మావైపు చూసింది. మళ్ళీ వంగి, బండిని బెత్తెడు ముందుకు జరిపింది.

చేటలో చెరిగినట్టు చప్పుడైంది. తర్వాత కొర్రలు. పొట్టు లేదు, రాయి లేదు, నూర్చి తూర్పారబట్టిన గింజ. బండి నిండేదాకా పోసి అదే ఆగింది. తర్వాత ఒకసారి కూత పెట్టింది. కాసేపాగి మళ్ళీ పెట్టింది.

"ఏం కావాలంట?" అని సుంకన్న అరిచాడు.

గొట్టం పక్కన అరచేయంత మీట ఒకటుందని, దాని మీద ఏదో రాసుందని ఓబుళమ్మ అంది. వేలు పెట్టి మట్టి తుడిచి, గట్టిగా చదివింది. "అందింది."

అరచెయ్యి దాని మీద ఆనించి నొక్కింది. గొట్టం లోపలికి పోయింది. కన్ను తెరుచుకుంది. అల్లుడు తిరిగి మూడో సాలుకు వెళ్ళాడు.

అప్పుడు సుంకన్న తుపాకీ కింద పెట్టి, ఊరి వైపు పరుగెత్తుతూ ఉన్న బండ్లన్నీ తెమ్మని అరిచాడు. బండ్లు, బుట్టలు, ఎవరిదో ఊయల తొట్టి కూడా వచ్చాయి. మద్దిలేటి అన్నదమ్ములు ఒకే బండికి చెరో పక్క నుంచి చెయ్యి వేశారు. మాట్లాడుకోలేదు; బండి మాత్రం కదిలింది. నలభై మందికి నాలుగు రోజులు పట్టే కోత మధ్యాహ్నానికి అయిపోయింది. చివరి మీట ఎల్లప్ప నొక్కుతానన్నాడు. కర్ర ఊతంతో కత్తుల పక్కగా వెళ్ళి నొక్కాడు. అల్లుడు ఉత్త కడుపుతో కొండెక్కాడు. రిజర్వాయరు వైపు పోలేదు.

"మొదటి సాలుది గూడా పోసినాడక్కా" అన్నాడు సుంకన్న.

ఏడో పొద్దు

నా మాట: కొనవద్దు.

ఓబుళమ్మ ఆ ముప్పయి అడుగులు నడుస్తున్నంతసేపూ సుంకన్న చేతిలో తుపాకీ ఉన్నందుకు నాకు ధైర్యంగానే ఉంది. అది రాయకపోతే అబద్ధం. దుర్భిణి లేకపోతే ఆ అక్షరాలు చదివేదాన్ని కాదు, అదీ నిజమే. కానీ వస్తువు ముందుగా దాన్ని కోరుకున్నవాళ్ళ చేతికి వెళ్ళి ఉంటే, మొదటి సాలు చివర కన్ను పగిలేది, మనం పండగ చేసుకునేవాళ్ళం. గుడ్డివాడైన అల్లుడు ఇంకెవరి గట్టునా నిలబడేవాడు కాదు. ఏం పోగొట్టుకున్నామో మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

సుంకన్న మాట కూడా రాయమన్నాడు. అడవి పందులకు బోర్డులుండవు, మీటలుండవు, వాటికేం చెబుతావక్కా అంటున్నాడు. మడతపడనిది, నిలువెత్తుది, పది మందికీ కనబడేది దొరికితే వచ్చే ఏడు మళ్ళీ మాట్లాడదాం. అది కూడా నా ఇంటికే వస్తుందని తెలుసు.

కూటం సాయంత్రం తేల్చింది: కొనవద్దు. ఇద్దరు కాదన్నారు, సుంకన్న వాళ్ళలో ఒకడు. నాకు శిక్షగా పొలం లెక్కలు రానివాళ్ళందరికీ నెల రోజులు పాఠం చెప్పమన్నారు. శిక్ష ఎవరికో నాకు అర్థం కాలేదు.

ఓబుళమ్మను పట్నం కాగితం సంగతి అడిగాను. "విత్తనం ఆరనీ అత్తా" అంది. చాపల మీద కొర్రలు తిరగేస్తూ తల ఎత్తలేదు.

ఎనిమిదో పొద్దు

రాయాల్సినవి ఏడే. ఇది అదనం.

దస్తగిరి వచ్చాడు. తుపాకీ, మూడు తూటాలు తిరిగిచ్చి, కాల్చిన మూడింటికి బదులు కొర్రలు పోశాను. గింజ పళ్ళ మధ్య కొరికి చూసి, "ఇది మీకెట్ల దక్కింది?" అని అడిగాడు. చెప్పాను. బండి మెట్టు మీద కూలబడ్డాడు.

"పై ఊళ్ళలో పదకొండు అమ్మినానవ్వా. అందరూ కోత మర కన్ను కొట్టేదానికే కొన్నారు."

"కొట్టేశారా?"

"ఇంకా లేదు. ఆ పక్క వానలు ఆలస్యం. పండేదానికి రెండు వారాలు పడతాది."

రెండు వారాలు చాలు. పై ఊళ్ళ కోసమని ఈ ఏడు పొద్దుల రాతకు నిన్న రాత్రే డజనుకు పైగా ప్రతులు తీయించి ఉంచాను. పాఠాల శిక్ష పడ్డవాళ్ళ చేతే రాయించాను, దస్తూరీ కూడా బాగుపడుతుందని. పదకొండింటి కట్ట అతని ఒళ్ళో పెట్టి, ఒక్కో ఊళ్ళో ఒక్కోటి ఇచ్చి, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించమన్నాను.

దస్తగిరి మొదటి కాగితం చదివాడు, ఆరో పొద్దుకు వెళ్ళాడు, వెనక్కి తిప్పాడు. "ఇది వింటే నా తుపాకులు ఎవరు కొంటారవ్వా?"

"ఎవరూ కొనరు."

"మరి నేనేం అమ్ముకోవాల?"

"బండ్లు" అన్నాను.

తల గోక్కున్నాడు. ఎండ వైపు చూశాడు, కట్ట వైపు చూశాడు. తర్వాత గట్టు మీద ఎరువు బండి చక్రానికి నూనె రాస్తున్న సుంకన్న దగ్గరికి నడిచి వెళ్ళి, పది రోజుల్లో ఇట్లాంటివి ఎన్ని చేయగలవని అడిగాడు.